చీరాల చుట్టాలింటికి వేసవిలో మూడు రోజులు: ఎలా వెళ్లాలి, వెళ్లాక ఎలా ఉండాలి

సముద్రం ఉన్న ఊళ్లో చుట్టాలుంటే ఎంత లక్కీయో అని అందరూ అంటారు గానీ ఆ చుట్టాల్ని అడిగి చూడండి ఒకసారి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా ఒక బ్యాచ్ బ్యాగులు సర్దుకునేలోపు ఇంకో బ్యాచ్ ఆటో దిగుతుంది, వచ్చినవాళ్లంతా బీచ్ కి పోయొచ్చి ఇల్లంతా ఇసుక చేసి, చేపల పులుసు తిని, ఏసీ రూంలో పడుకుని వెళ్లిపోతారు, పిన్ని మాత్రం ఆ రెండు నెలలూ వంటింట్లోంచి బయటికి రాదు. అందుకే ఇది బీచ్ గైడ్ కాదు, మీరూ ఎంజాయ్ చేసి ఆ ఇంటివాళ్లు కూడా "మళ్లీ ఎప్పుడొస్తారు" అని మనస్ఫూర్తిగా అడిగేలా మూడు రోజులు ఎలా గడపాలో చెప్పే గైడ్. నాకు తెలిసింది చీరాల కాబట్టి చీరాల లెక్కనే రాస్తున్నా. మీ వాళ్లు బాపట్లలోనో మచిలీపట్నంలోనో నర్సాపురంలోనో ఉంటే ఊరి పేర్లు మార్చి చదూకోండి, మిగతాదంతా దాదాపు అదే.

ముందు ఫోన్, అది కూడా పిన్నికే

ఎప్పుడు రమ్మంటారు అని బాబాయ్ ని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, "మీ ఇల్లు, ఎప్పుడైనా రండి రా". ఆ మాట ప్రేమగానే అంటాడు, కాదనట్లేదు, కానీ ఆ వారం ఇంట్లో ఆవకాయ పెట్టుకునే పని ఉందా, ఇంకెవరైనా వస్తున్నారా, పక్కింట్లో పెళ్లుందా, పనమ్మాయి లీవ్ లో ఉందా అన్నవి ఆయనకి తెలీవు. పిన్నికి ఫోన్ చేసి "పిన్నీ, ఈ వారమా వచ్చే వారమా, నీకు ఏది వీలో చెప్పు" అని రెండు డేట్లు ఇచ్చి అడగండి. ఎప్పుడైనా సరే అని వదిలేస్తే ఆవిడ కూడా మొహమాటానికి రండి అనేస్తుంది, రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నిజం చెప్తుంది.

ఎన్ని రోజులు ఉంటారో కూడా అప్పుడే చెప్పేయండి. ఫలానా రోజు పొద్దున దిగుతాం, ఫలానా రాత్రి ట్రైన్ కి రిటర్న్ టికెట్ ఉంది అని. రిటర్న్ డేట్ తెలిసిన చుట్టాన్ని చూస్కోవడం చాలా తేలిక, సరుకులు, పాలు, గ్యాస్ అన్నీ లెక్క ప్రకారం పెట్టుకోవచ్చు.

ఏ వారం మంచిది

రోహిణి కార్తె, అంటే మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాటేదాకా, వీలైతే వెళ్లకండి. రోళ్లు పగుల్తాయని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. సముద్రం పక్కనే కదా చల్లగా ఉంటుంది అనుకుంటారు హైదరాబాద్ వాళ్లు, అక్కడే తప్పు. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, దాంతో నేల మీద వేడి గాలి పైకి లేచి ఆ ఖాళీలోకి సముద్రం మీద నుంచి గాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా ఆ గాలి తిరుగుతుంది, తిరగ్గానే ప్రాణం లేచొస్తుంది. కానీ మే చివర్లో పడమటి నుంచి వడగాలి గట్టిగా కొడుతుంటే సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు, అది సాయంత్రం దాకా ఒడ్డునే ఆగిపోతుంది, ఆ రోజు చీరాల కూడా మెట్ట ఊళ్లలాగే నలభై దాటి మండుతుంది. పైగా వడగాలి లేని రోజున ఉక్కపోత, ఒళ్లంతా జిగట. సో, ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్య దాకా ఒక రకంగా పర్లేదు, జూన్ లో ఒక వాన పడ్డాక స్కూళ్లు తెరిచేలోపు దొరికే నాలుగు రోజులు ఇంకా బెటర్.

ఇంకోటి, చేపల కోసమే వెళ్తున్నాం అనేవాళ్లకి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే టైం అని. మర బోట్లు, ఇంజిన్ పడవలు ఏవీ వేటకి వెళ్లవు, చీరాల పక్కనున్న బీచ్ వాడరేవులో అన్నీ ఒడ్డున ఇసుకలోనే ఉంటాయి. అంటే సరిగ్గా మన సెలవలంతా నిషేధమే. ఆ టైంలో వెళ్లి "పిన్నీ వంజరం ఫ్రై, చందువా ఇగురు" అని లిస్ట్ చదివితే పాపం బాబాయ్ ఎక్కడెక్కడో తిరిగి ఐస్ లో పెట్టిన చేపని డబుల్ రేటుకి తెస్తాడు. నిషేధం టైంలో దొరికేవి చెరువు రొయ్యలు (ఆ చుట్టుపక్కల వనామీ చెరువులు బోలెడు), ఉప్పుకాలవల్లో పట్టిన పీతలు, తెడ్లేసుకునే చిన్న పడవల వాళ్లు, ఒడ్డు నుంచి వల లాగేవాళ్లు తెచ్చే చిన్నా చితకా చేపలు, ఇంక ఎండు చేపలు. వీటితో ఎంచక్కా సరిపెట్టుకోవచ్చు, నన్నడిగితే ఎండు నెత్తళ్లు వంకాయలో వేసి వండితే చందువా ఎందుకూ పనికిరాదు.

టికెట్లు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. మే నెలకి పెళ్లి ముహూర్తాలు కూడా తోడవుతాయి కాబట్టి తెరిచిన రోజే చేస్కోండి. మిస్సయితే తత్కాల్, ముందు రోజు పొద్దున ఏసీకి 10 గంటలకి, స్లీపర్ కి 11 గంటలకి, ఆన్‌లైన్ లో అయితే మీ అకౌంట్ కి ఆధార్ లింక్ అయి ఉండాలి, ఆ పని ఆ రోజు పొద్దున పెట్టుకోకండి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ట్రైన్ ఎంచుకునేటప్పుడు ఎన్నింటికి బయల్దేరుతుంది అని కాదు చీరాలలో ఎన్నింటికి దింపుతుంది అని చూడండి. సాయంత్రం ఆరింటికి ఎక్కే బళ్లు (చార్మినార్, నారాయణాద్రి లాంటివి) అర్ధరాత్రి దాటాక దింపుతాయి, మనకి ఆఫీస్ అయ్యాక ఎక్కడం సుఖమే గానీ ఒంటిగంటకి బాబాయ్ స్కూటర్ వేస్కుని స్టేషన్ కి రావాలి, వద్దంటే వినడు, పిన్ని లేచి అన్నం పెడతానంటుంది, ఇల్లంతా జాగారం. రాత్రి పదింటి తర్వాత సికింద్రాబాద్ లో ఎక్కే సింహపురి లాంటిది అయితే తెల్లారుజామున దింపుతుంది, ఆటో దొరుకుతుంది, ఎవర్నీ లేపక్కర్లేదు, ఇంటికెళ్లేసరికి కాఫీ టైం. టైమింగులు మారుతుంటాయి, బుక్ చేసేముందు చూస్కోండి. చీరాలలో బండి ఒకట్రెండు నిమిషాలే ఆగుతుంది కాబట్టి బాపట్ల దాటగానే సామాన్లు, పిల్లలు, చెప్పులు అన్నీ డోర్ దగ్గర ఉండాలి. విజయవాడ నుంచైతే పొద్దున పినాకిని ఉంది, రెండు గంటల లోపు పని.

కారులో అయితే నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా రావొచ్చు, ఆరేడు గంటలు వేస్కోండి. కారు ఎక్కడ పెడతారో మాత్రం ముందే అడగండి, చాలా వీధులు రెండు స్కూటర్లు ఎదురుపడితే ఆగేవే.

బ్యాగులో ఏం పెట్టాలి

అందరూ రెండు కేజీల స్వీట్ బాక్స్ పట్టుకెళ్తారు, ఆ ఇంట్లో తాతయ్యకి షుగర్, అమ్మమ్మకి షుగర్, బాబాయ్ కి బోర్డర్. మామిడిపళ్లు పట్టుకెళ్లడం ఇంకా అన్యాయం, అక్కడ మంచం కింద గడ్డిలో ఆల్రెడీ వంద ముగ్గుతుంటాయి. వాళ్లకి సిటీ నుంచి ఏం కావాలో అడిగితే చెప్తారు: అక్కడ దొరకని ఏదో ఒక మందు, తాతయ్య కళ్లజోడు కేసు, మిక్సీకి జార్ మూత, మంచి ఫిల్టర్ కాఫీ పొడి. ఇలాంటివి తీస్కెళ్తే మిమ్మల్ని ఏడాది పాటు తల్చుకుంటారు.

మీ కోసం తప్పకుండా పెట్టుకోవాల్సింది తువ్వాళ్లు. మనిషికి రెండు. ఆరుగురు దిగితే ఆరు తువ్వాళ్లు ఇవ్వాల్సిన ఇంట్లో రెండోరోజుకి తడి తువ్వాళ్లే మిగుల్తాయి. రెండు పాత దుప్పట్లు, సముద్రంలో దిగడానికి పాడైపోయినా పర్లేదనుకునే ఒక జత ముదురు రంగు బట్టలు, తడిసినా ఫర్వాలేని చెప్పులు, ఓఆర్ఎస్ పాకెట్లు, చెమటకాయల పౌడర్, దోమల క్రీం, పిల్లలకి టోపీలు. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా, ఎందుకంటే హాల్లో ఒకే ప్లగ్ ఉంటుంది, అందులో ఫ్రిజ్జో టీవీయో ఉంటుంది, అయిదు ఫోన్లు చార్జింగ్ అడుగుతుంటాయి. జీన్స్ వద్దు, ఆ ఉక్కలో ఆరవు.

దిగిన రోజు

దిగీదిగంగానే పిల్లలు బీచ్ బీచ్ అని గొడవ చేస్తారు. ఆ పూట వద్దు. స్నానం చేసి, టిఫిన్ తిని, అమ్మమ్మ పక్కన కూర్చోండి, ఆవిడ ఎవరెవరు చనిపోయారో ఎవరికి పెళ్లయిందో లిస్ట్ మొత్తం చెప్తుంది, అది వినడమే ఆ పూట ప్రోగ్రాం. రాత్రంతా ట్రైన్ లో సరిగ్గా నిద్రలేకుండా నీళ్లలో దిగడం కూడా మంచిది కాదు.

ఆ పూటే ఇంకో పని, నీళ్ల సంగతి కనుక్కోండి. మున్సిపాలిటీ కుళాయి ఎన్నింటికి వస్తుంది, తాగే నీళ్లు ఏవి, బోరు నీళ్లు ఏవి, మోటర్ ఎప్పుడు వేస్తారు. ఆ తీరమంతా ఇసుక నేల, వాన నీళ్లు ఇసుకలోకి దిగి కింద ఉన్న ఉప్పునీటి పైన ఒక పొరలా నిలబడతాయి, ఉప్పునీరు బరువు కదా, తీపి నీళ్లు పైన తేలతాయి. అందుకే అటువైపు రైతులు లోతు బావులు తవ్వరు, దొరువులని లోతు తక్కువ గుంటలు తీసి పైపైన నీళ్లు తోడుకుంటారు. ఎక్కువ తోడితే కింద ఉప్పు పైకొస్తుంది. ఎండాకాలం ఇళ్లల్లో బోర్లది కూడా ఇదే ఇబ్బంది, నీళ్లు ఉప్పగా మారితే సబ్బు నురగ రాదు, జుట్టు గడ్డి అయిపోతుంది. షవర్ కింద అరగంట నిలబడే అలవాటు ఉంటే అది ఇంటిదగ్గర వదిలేసి రండి, మనిషికి రెండు బకెట్లు. తల మీద చివరి రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుంటే చాలు.

పనమ్మాయి విషయం కూడా ఆ రోజే. మీరొచ్చినందుకు ఆమెకి గిన్నెలు డబుల్, ఇల్లు తుడవడం డబుల్. పిన్నికి చెప్పి (చెప్పకుండా ఇస్తే పిన్నికి తలనొప్పి) రెండొందలో మూడొందలో మొదటి రోజే ఆమె చేతిలో పెట్టండి, వెళ్లేరోజు ఇచ్చేదానికంటే ఇదే పనికొస్తుంది.

సముద్రం

చీరాల నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు, ఓడరేవు అని కూడా అంటారు, ఆటోలు దొరుకుతాయి, లైట్‌హౌస్, పడవలు, బజ్జీల బళ్లు, సందడి అంతా ఉంటుంది. వేటపాలెం వైపు రామాపురం బీచ్, రిసార్టులన్నీ అటే. బాపట్ల వైపు సూర్యలంక, బాపట్ల ఊళ్లోంచి తొమ్మిది కిలోమీటర్లు. ఆదివారం ఎటూ వెళ్లకండి, గుంటూరు, నరసరావుపేట, హైదరాబాద్ మొత్తం అక్కడే ఉంటుంది.

టైం రెండే. తెల్లారుజామున, లేదా సాయంత్రం అయిదు తర్వాత. మే నెలలో సూర్యుడు అయిదున్నర దాటాక సముద్రంలోంచే పైకొస్తాడు, అది చూడాలంటే అయిదింటికల్లా ఆటో ఎక్కాలి, ఆటో అతనికి ముందు రోజే చెప్పిపెట్టుకోండి. ఏడున్నరకల్లా తిరుగు ప్రయాణం. ఎనిమిది దాటాక ఇసుక మీద అడుగు పెట్టలేరు.

ఇప్పుడు అసలు సంగతి, దీన్ని స్పీడుగా చదివేయకండి. ఈ బీచ్‌లలో ప్రతి వేసవీ మునిగిపోయినవాళ్ల వార్తలు వస్తూనే ఉంటాయి, ఎక్కువ కుర్రాళ్లే, వాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉంటారు. చెరువులో ఈత వేరు, ఇక్కడ వేరు. ఒడ్డుకొచ్చిన కెరటాల నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా, అవి ఏదో ఒకచోట సన్నటి పాయలా చేరి జోరుగా లోపలికి లాక్కుపోతాయి. విచిత్రం ఏంటంటే ఆ పాయ ఉన్నచోట కెరటాలు సరిగ్గా విరగవు, అటూ ఇటూ తెల్లగా నురగ వస్తుంటే మధ్యలో అక్కడొక్కచోటే నీళ్లు నున్నగా, కొంచెం ముదురు రంగులో, ఒక్కోసారి ఇసుకతో బురదగా కనిపిస్తాయి. మనవాళ్లు ఏం చేస్తారు, అక్కడ అలలు లేవు పిల్లలకి సేఫ్ అని సరిగ్గా అక్కడే దిగుతారు. కాబట్టి నీళ్లలో దిగేముందు ఒక పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి, లేదా వల బాగుచేసుకుంటున్న ఎవర్నైనా "అన్నా, ఇక్కడ దిగొచ్చా" అని అడగండి, ఎంత లోతుందో ఎటు లాగుతుందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. వద్దు అంటే వద్దనే.

ఒకవేళ లాగేస్తే ఒడ్డువైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అయిదు నిమిషాల్లో అలిసిపోతాడు. ఆ పాయ లోపలికి లాగుద్ది గానీ కిందికి లాగదు, వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపండి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, పాయ వెడల్పు తక్కువే ఉంటుంది, దాటాక కెరటాలే ఒడ్డుకి తోస్తాయి. ఇంకొకళ్లు కొట్టుకుపోతుంటే వెనకే దూకొద్దు, ఒకరి కోసం ముగ్గురు పోయేది అలాగే. ఖాళీ వాటర్ క్యాన్, థర్మోకోల్ పెట్టె, తాడు, ఏది దొరికితే అది విసిరి, పడవల వాళ్లని కేకేసి, 112 కి ఫోన్ చేయండి.

పిల్లలు మోకాళ్ల లోతు దాటకూడదు, ప్రతి ఇద్దరు పిల్లలకి ఒక పెద్దవాళ్లు, ఆ పెద్దవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ ఉంటుంది, ఆ రెండుమూడు రోజులు ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకుంటే చాలు. మందు తాగినవాళ్లని నీళ్లలోకి పంపకండి, బావ అయినా సరే, అలిగినా సరే.

ఒక మాట, పిన్నిని కూడా తీస్కెళ్లండి. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండి ఆవిడ సముద్రం చూసి ఎన్నేళ్లయిందో అడగండి. చుట్టాలొచ్చిన ప్రతిసారీ టిఫిన్ చేస్తానని ఇంట్లోనే ఉండిపోతుంది. దీనికి కిటుకు తర్వాత చెప్తా.

ఇసుక

బీచ్ నుంచి వచ్చాక గుమ్మం దాటకముందు చేయాల్సిన పని. వెళ్లేముందే వాకిట్లో ఒక బకెట్ నిండా నీళ్లు, చెంబు పెట్టుకుని వెళ్లండి. వచ్చాక బట్టలు దులుపుకుని, కాళ్లు, పిల్లల జేబులు (అరకేజీ ఇసుక, నాలుగు గవ్వలు, ఒక్కోసారి బతికున్న ఎండ్రకాయ) అన్నీ అక్కడే ఖాళీ చేయాలి. తడి బట్టలు వాకిట్లోనే రెండుసార్లు జాడించి అప్పుడు లోపలికి. ఇసుక బట్టలు డైరెక్ట్ గా వాషింగ్ మెషీన్ లో వేస్తే మెషీన్ పోతుంది, బాత్రూంలో జాడిస్తే తూము పూడుకుపోతుంది, మీరు వెళ్లాక ప్లంబర్ ని పిలిచేది వాళ్లు. మొత్తం గైడ్ లో ఒక్కటే గుర్తుంటుంది అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

తిండి, వంటిల్లు

"నేను వండుతా పిన్నీ, నువ్వు కూర్చో" అంటే ఏ పిన్నీ కూర్చోదు. పైగా మీరు వంటింట్లో ఏది ఎక్కడుందో అడుగుతుంటే ఆవిడకి డబుల్ పని. పనికొచ్చే పద్ధతి ఇదీ: ముందు రోజు మధ్యాహ్నం, పప్పు నానబోసేలోపే, "పిన్నీ, రేపు పొద్దున పప్పు నానబెట్టకు, అందరం బీచ్ కి పోతున్నాం, నువ్వు కూడా, వచ్చేప్పుడు ఇడ్లీ కట్టించుకొస్తాం" అని తేల్చి చెప్పేయండి. పిండి రుబ్బేశాక చెప్తే పని చేయదు, పిండి పులిసిపోద్ది అంటుంది. నేను పైన చెప్తానన్న కిటుకు ఇదే. టిఫిన్ పని లేకపోతే ఆవిడ ఆటో ఎక్కుతుంది.

నీసు రోజుకి ఒక్క పూట చాలు. మార్కెట్ కి బాబాయ్ తో మీరూ వెళ్లండి, డబ్బులు మీరే ఇవ్వండి, ఆయన జేబులో చెయ్యి పెట్టేలోపు ఫోన్‌పే కొట్టేయాలి, అక్కడ వాదన పెట్టుకోకూడదు. రొయ్యలు, చేపలు అక్కడే ఒలిపించి, కోయించి తీస్కురండి, పదో ఇరవయ్యో ఎక్కువ తీస్కుంటారు, ఇంటికి తెచ్చి పిన్ని ముందు రెండు కేజీల రొయ్యలు కుప్ప పోస్తే ఆవిడ మధ్యాహ్నం అయిపోయినట్టే.

ముంజలు మాత్రం వదలొద్దు. ఆ ఇసుక నేలల్లో తాటిచెట్లకి లోటు లేదు, ఏప్రిల్, మే సీజన్, పొద్దున్నే గెలలు తెచ్చి రోడ్డు పక్కన కొడుతుంటారు. ఒలిచి కవర్లో పెట్టినవి కాకుండా కళ్ల ముందు కొట్టించుకోండి. వేలితో నొక్కితే మెత్తగా, లోపల నీళ్లు కదిలేలా ఉండాలి, గట్టిపడ్డవి తింటే కడుపునొప్పి, పిల్లలకి అస్సలు పెట్టొద్దు.

మీరు వెళ్లిన వారంలోనే ఆవకాయ పెడుతుంటే పండగే. కాయలు కడిగి తుడవడం, ముక్కల్లో జీడి తీసి లోపల పొర గీకడం, ఇవి ఎవరైనా చేయొచ్చు, కూర్చుని చేయండి, కబుర్లు కూడా అవుతాయి. తడి చేత్తో, సముద్రం నుంచి వచ్చిన తడి జుట్టుతో మాత్రం జాడీ దగ్గరికి పోయారో అమ్మమ్మ చేతిలో మీ పని అయిపోతుంది.

పదకొండు నుంచి నాలుగు

బయటికి పోవద్దు. అంతే. కిటికీలు మూసి, నేల మీద తడిగుడ్డ వేసి తుడిచి, చాప పరిచి పడుకోండి. ఏసీ ఒక రూంలోనే ఉంటుంది, అది తాతయ్యా అమ్మమ్మలది, పిలిస్తేనే వెళ్లండి. కరెంట్ పోతే మొహం మాడ్చకండి, పిల్లలకి అష్టాచమ్మా నేర్పండి, పాత ఆల్బమ్ తీయించండి. రాత్రికి డాబా మీద పడుకుంటే బాగుంటుంది, గాలి తగులుతుంది, దోమల క్రీం రాసుకోవాలి అంతే.

రెండో సాయంత్రం ఊరు చూడండి

చీరాల అంటే బీచ్ కంటే ముందు బట్టలు. ఎంజీసీ మార్కెట్ లో హోల్‌సేల్ షాపులు వరసగా ఉంటాయి, మరమగ్గం, చేనేత అన్నీ కలిసే ఉంటాయి. చేనేతే కావాలంటే జాండ్రపేట, పేరాల వైపు మగ్గాల ఇళ్లకి తెలిసినవాళ్లతో వెళ్లండి. కుప్పడం చీర చూస్తే అంచు రంగు వేరు, ఒంటి రంగు వేరు, రెండూ కలిసేచోట పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, తిరగేసి చూస్తే అది తెలుస్తుంది. మగ్గం దగ్గర కూర్చున్న మనిషితో గీసిగీసి బేరం ఆడకండి, షాపులో మీ ఇష్టం. పిన్నికి చీర కొనాలనుకుంటే ఆవిడకి చెప్పకుండా, "మా అత్తగారికి, నువ్వే సెలెక్ట్ చెయ్యి" అని ఆవిడ చేతే ఎంపిక చేయించండి.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వేటపాలెం సారస్వత నికేతనం. 1918 లో పెట్టిన లైబ్రరీ, పాత తెలుగు పత్రికల ఫైళ్ల కోసం ఎక్కడెక్కడి నుంచో రీసెర్చ్ చేసేవాళ్లు వస్తారు. గాంధీ గారు 1929 లో వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. పిల్లలకి ఆ కర్ర చూపించి వచ్చేదారిలో చీరాల పేరాల ఉద్యమం చెప్పమని తాతయ్యని అడగండి. మున్సిపాలిటీ పన్నులు కట్టలేం అని 1921 లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలేసి ఊరి బయట రామనగర్ అని పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ ఊరి పెద్దవాళ్లు ఇది చెప్తుంటే పుస్తకంలో చదివినట్టుండదు, మధ్యలో మా తాత అక్కడే ఉన్నాడు అని ఎవరో ఒకరు అందుకుంటారు.

నోరు

మా హైదరాబాద్ లో అయితే అని మొదలయ్యే వాక్యాలు తగ్గించండి. పొలం పంచాయితీలు, ఎవరి వాటా ఎంత, మరదలి పెళ్లెప్పుడు, తమ్ముడికి బ్యాక్‌లాగులు ఎన్ని, ఇవి ఈ మూడు రోజుల్లో తేలవు. ఇంట్లోవాళ్ల ఫోటోలు స్టేటస్ పెట్టేముందు అడగండి, రమ్మని పిలవని ఇంకో చుట్టం చూసి అలుగుతాడు, ఆ గొడవ పిన్ని మీద పడుద్ది.

బయల్దేరే రోజు

దుప్పట్లు మడతపెట్టి, దిండు గలీబులు తీసి ఒక మూల పెట్టి, బాత్రూం ఒకసారి కడిగేయండి, చెప్పకుండా చేసేయాలి, అడిగితే చేయనివ్వరు. పసుపూ కుంకుమా జాకెట్ ముక్కా పెడతారు, తీస్కోండి. పిల్లల చేతిలో అమ్మమ్మ నోటు పెడుతుంది, ఒకసారి వద్దనండి, రెండోసారి దణ్ణం పెట్టి తీస్కోమనండి, మూడుసార్లు వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది.

పార్సిళ్లు: జీడిపప్పు వేటపాలెంలో కొనుక్కోండి, కూరకీ పాయసానికీ అయితే గుళ్లు అక్కర్లేదు బద్దలు తీస్కోండి, రేటు తక్కువ, రుచి అదే. ఆవకాయ సీసాలో వద్దు, స్టీల్ క్యారియర్ లో పెట్టి, మూత చుట్టూ గట్టిగా కవర్ బిగించి, నిలబెట్టే బ్యాగులో, బట్టల బ్యాగులో మాత్రం కాదు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు మూడు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేసి, ఆపైన మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఏసీ కోచ్ అయితే ఆ డబ్బా బండి ఎక్కాక అస్సలు తెరవొద్దు, సరిగ్గా ఉందో లేదో చూద్దామని కూడా తెరవొద్దు, తెనాలి వచ్చేలోపు కోచ్ మొత్తం మీ వైపే చూస్తుంది.